ట్యాంకులో తాలు, వెనక గడ్డిలో వడ్లు: మిషన్‌లో ఏది ముందు ముట్టుకోవాలి?

సింధనూరు_క్యాంపు (మారతహళ్లి) | శనివారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది కర్ణాటకలో సింధనూరు దగ్గర తెలుగు క్యాంపు, అంటే తెలుగువాళ్లు వచ్చి స్థిరపడ్డ ఊరు. నేను బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నా, అక్కడ పొలం, మిషన్ మా బావ చూసుకుంటాడు. ఇద్దరం కలిసి సెకండ్‌హ్యాండ్‌లో టైర్ల హార్వెస్టర్ తీసుకున్నాం. 14 అడుగుల కట్టర్, పళ్ల డ్రమ్ము, వెనక గడ్డిని ఎగరేసి దులిపే వాకర్లు. పంట బీపీటీ 5204 రకం వరి.

ట్యాంకులో చెయ్యి పెడితే తాలు, వేలెడు పొడుగు గడ్డి ముక్కలు, ఆకు చూర. వ్యాపారి చూసి బస్తాకి కిలో తరుగు తీస్తున్నాడు. బావ బ్లోయర్ గాలి పెంచాడు. ట్యాంకు కాస్త శుభ్రపడింది గానీ వెనక గడ్డి కింద వడ్లు కనబడుతున్నాయి. పక్క చేను పెద్దాయన చూసి "ఇది కోత మిషనా, విత్తనాలు చల్లే మిషనా?" అన్నాడట. గాలి తగ్గిస్తే మళ్లీ తాలు. ఇక్కడ బెంగళూరు పీణ్యాలో ఎవరి దగ్గరైనా కొత్త జల్లెడ, పెద్ద ఫ్యాన్ చేయించుకుంటే పని అవుతుందా? కోతలు నడుస్తున్నాయి. బావకి టెన్షన్, నాకు రోజూ రాత్రి ఫోన్లు.

పీణ్యా_షీట్‌మెటల్ | శనివారం రాత్రి 10:05

జల్లెడ కోసిస్తాను, మా షాపులో రోజూ చేసే పనే అది. కానీ డబ్బు తీసుకునే ముందు కొన్ని అడుగుతా. డ్రమ్ము ఎంత ఆర్‌పీఎం మీద తిరుగుతోంది? మీటర్ చూపించేది కాదు, టాకోమీటర్ (తిరిగే వేగం కొలిచే పరికరం) పెట్టి కొలిచింది కావాలి. డ్రమ్ము పళ్ల ముందంచు పదునుగా ఉందా, గుండ్రంగా అరిగిందా? ట్యాంకులో పొట్టు ఊడిన బియ్యం గింజలు కనబడుతున్నాయా? పొద్దున ఎన్నింటికి కోత మొదలుపెడుతున్నారు? ఇవి చెప్పకుండా జల్లెడ మార్చమంటే మారుస్తాను గానీ, నెల తిరక్కుండా మీరే వచ్చి నన్ను తిడతారు.

సింధనూరు_క్యాంపు | ఆదివారం ఉదయం 11:20

బావని అడిగి, మెకానిక్ దగ్గర టాకోమీటర్ తెప్పించి కొలిపించాను. డ్రమ్ము 800 దగ్గర తిరుగుతోంది. డ్రమ్ము వ్యాసం పళ్ల కొసలతో కలిపి 60 సెంటీమీటర్లు. పళ్ల ఫోటో పెట్టాను చూడండి, ముందు వైపు బాగా గుండ్రంగా అయిపోయాయి. బియ్యం గింజలు ఉన్నాయి, దోసెడు వడ్లు తీస్తే నాలుగైదు కనబడుతున్నాయి. వెనక పడేది అంతా విడి గింజే. కోత ఏడున్నరకే మొదలవుతుంది. కూలీలు, ట్రాక్టర్లు అప్పటికే వచ్చి కూర్చుంటారు.

బాపట్ల_బీటెక్ (హెబ్బాళ) | ఆదివారం మధ్యాహ్నం 12:15

జబ్బు డ్రమ్ములో ఉంది, మీరు మందు జల్లెడకి వేస్తున్నారు. నేను చదివింది వ్యవసాయ ఇంజినీరింగ్, ఇప్పుడు చేసేది గాలి, గింజల కదలికల సిమ్యులేషన్ పని. కాస్త పొడుగ్గా రాస్తా, ఓపిక పట్టండి.

లెక్కతో మొదలుపెడదాం. 60 సెంటీమీటర్ల డ్రమ్ము 800 ఆర్‌పీఎం మీద తిరిగితే పన్ను కొస వేగం సెకనుకు 25 మీటర్లు. 650కి దించితే 20.4 మీటర్లు. దెబ్బలోని శక్తి వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి, 650తో పోలిస్తే 800 దగ్గర గింజకి తగిలే దెబ్బ ఒకటిన్నర రెట్లు. వరి గింజ వెన్ను నుంచి ఊడటానికి అంత అక్కర్లేదు. మిగిలిన శక్తి ఎక్కడికి పోతుంది? గడ్డిని తరగడానికి, పొట్టు ఊడదీయడానికి. ట్యాంకులో బియ్యం గింజ కనబడటమే దానికి సాక్ష్యం.

ఇప్పుడు గడ్డి సంగతి. పొడుగు గడ్డి వాకర్ల మీద ఎగురుకుంటూ వెనక్కి పోతుంది, జల్లెడ దాకా రాదు. వేలెడంత ముక్కలైతే డ్రమ్ము కింద జాలీ గుండా, వాకర్ల సందుల గుండా జారి నేరుగా పై జల్లెడ మీద పడతాయి. అక్కడ పరుపులా పేరుకుంటాయి. ఆ పరుపు మీద పడ్డ గింజ కిందికి దిగే దారి లేక వెనక్కి పోయి చేలో పడుతుంది. మీరు గాలి తక్కువ పెట్టినప్పుడు జరిగేది ఇది. గాలి పెంచితే పరుపు లేస్తుంది గానీ, దాంతోపాటు తేలికపాటి గింజ కూడా లేస్తుంది. అంటే గాలి తక్కువైనా, ఎక్కువైనా వడ్లు వెనక్కే పోతాయి. అందుకే మీ బావగారు ఎటు తిప్పినా తేడా అంతంత మాత్రమే.

నిండు వడ్ల గింజ గాలిలో తేలాలంటే దాదాపు సెకనుకు 6 నుంచి 8 మీటర్ల గాలి కావాలి. తాలు, ఆకు చూర 2 నుంచి 4 మీటర్లకే లేచిపోతాయి. మధ్యలో చాలినంత ఖాళీ ఉంది. మా నాయనమ్మ చాటతో తూర్పారబట్టినప్పుడు ఆ ఖాళీలోనే పని చేసేది. అయితే గడ్డి కణుపు ముక్క, అందులోనూ తడిది, దాదాపు గింజలాగే ప్రవర్తిస్తుంది. దాన్ని గాలితో వేరుచేయడం కష్టం. కాబట్టి దాన్ని పుట్టనివ్వకూడదు.

సరిగ్గా పెట్టిన మిషన్‌లో 70 నుంచి 90 శాతం గింజ జాలీ దగ్గరే కిందికి దిగిపోతుంది. వాకర్లు, జల్లెడ చేసేది మిగిలిన పని. కాబట్టి వరుస ఇలా పెట్టుకోండి: ముందు కోత వేళ, తర్వాత బండి వేగం, తర్వాత డ్రమ్ము స్పీడు, డ్రమ్ముకీ జాలీకీ మధ్య గ్యాప్. ఇవన్నీ కుదిరాక చివర్లో గాలి, జల్లెడ. ఒకసారికి ఒక్కటే మార్చాలి. రెండు కలిపి మారిస్తే ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు.

గంగావతి_చైన్‌మిషన్ (సీజన్ లేనప్పుడు యలహంక) | ఆదివారం మధ్యాహ్నం 1:30

బీటెక్ గారూ, లెక్క బాగుంది. డ్రమ్ము తగ్గిస్తే వెన్నుకి గింజ మిగిలిపోతుంది, అప్పుడు ఎవరు జవాబు చెప్పాలి? మేం స్పీడు ఊరికే పెంచం. పచ్చి చేను ఇచ్చి కోయమంటారు. పడిపోయిన చేను ఇస్తారు. గంటల లెక్కన డబ్బు కాబట్టి రైతే గట్టు మీద నిలబడి "కానీ, కానీ" అని తొందరపెడతాడు. మెల్లగా పోతే "గంటలు సాగదీస్తున్నావు" అంటాడు. వేగంగా పోతే "వడ్లు పోతున్నాయి" అంటాడు. చివరికి మాటపడేది డ్రైవరే.

బాపట్ల_బీటెక్ | ఆదివారం మధ్యాహ్నం 2:10

అన్నా, గంటల బాడుగ గురించి మీరన్నది నూటికి నూరుపాళ్లు నిజం. జల్లెడ మీద నష్టం బండి వేగంతో పాటు మెల్లగా పెరగదు. ఒక హద్దు దాకా దాదాపు చదునుగా ఉండి, ఆ తర్వాత ఒక్కసారి నిటారుగా లేస్తుంది. గట్టు మీద నిలబడి తొందరపెట్టే రైతు తన బండిని తనే ఆ హద్దు దాటిస్తున్నాడు.

వెన్నుకి గింజ మిగలడం మాత్రం వేరే సంగతి. వెనక పడ్డ వడ్లు రెండు రకాలు. విడి గింజ ఉంటే నష్టం వాకర్లదో జల్లెడదో. వెన్నుకి అంటుకునే ఉంటే నూర్పిడి చాలలేదు. గడ్డి దులిపి చూడకుండా "వెనక వడ్లు" అని ఒక్క మాట అనేస్తే ఏది సరిచేయాలో తేలదు. సింధనూరు వాళ్లకి వెన్నుకి మిగలడం లేదు, అంతా విడి గింజే. పళ్లు అరిగాయి కాబట్టే ఎవరో ఎప్పుడో స్పీడు పెంచి ఉంటారు. అరిగిన పన్ను వెన్నుని దువ్వలేదు, కొడుతుంది అంతే. కొత్త పళ్లు వేసి, జాలీ గ్యాప్ ముందు వైపు ఎక్కువ, వెనక వైపు తక్కువ ఉండేలా సరిచేస్తే, 650-700 మధ్య కూడా బీపీటీ శుభ్రంగా రాలుతుంది.

గంగావతి_చైన్‌మిషన్ | ఆదివారం సాయంత్రం 4:45

పళ్లు మార్చాలన్నది ఒప్పుకుంటా. కొన్ని మిషన్లలో పన్నుని తిప్పి బిగించుకోవచ్చు, రెండో అంచు వాడుకోవచ్చు. కొనేముందు అది చూసుకోండి. మార్చేటప్పుడు ఎదురెదురుగా ఉన్నవి జతగా, బరువు చూసి మార్చాలి. ఒక పక్కే మారిస్తే డ్రమ్ము ఊగి బేరింగు పోతుంది.

ఏడున్నరకి కోత అంటే నేనూ ఒప్పుకోను. మంచు ఉన్నప్పుడు తాలు జల్లెడకి అంటుకుంటుంది. టైర్ల బదులు చైన్ల మీద నడిచే మా మిషనైనా తొమ్మిదిన్నర, పది దాటనిదే దించను. ట్రాక్టర్లు వచ్చి కూర్చుంటే కూర్చోనివ్వండి, టీ తాగుతారు.

కోరమంగళ_రైతుబిడ్డ | ఆదివారం సాయంత్రం 6:00

తేమ గురించి ఒక మాట. వరి 20 నుంచి 24 శాతం తేమ దగ్గర కోస్తే మంచిదంటారు. ప్రభుత్వ కొనుగోలు కేంద్రంలో 17 శాతం మించితే తీసుకోరు. అందుకని చాలామంది చేలోనే ఎండనిచ్చి 16, 17కి వచ్చాక కోస్తారు, ఆరబెట్టే ఖర్చు మిగులుతుందని. అలా ఎండిన గింజ రాత్రి మంచు పీల్చుకుని లోపల సన్నగా పగులుతుంది. పైకి కనబడదు. మిల్లులో నూక అవుతుంది. మిల్లువాడు "మిషన్ కోత కదా, నూకే వస్తుంది" అంటాడు. డ్రమ్ము కొట్టిన నూక వేరు, చేలో పగిలిన నూక వేరు. అదే చేలో కొంచెం చేత్తో కోసి నూర్చి, రెండూ మిల్లుకి పంపితే తేడా తెలిసిపోతుంది. నూక అటూ ఇటూ ఒకేలా వస్తే డ్రమ్ముని తిట్టి లాభం లేదు.

బాపట్ల_బీటెక్ | ఆదివారం రాత్రి 8:20

ఇంకో లెక్క చెప్తాను, మీ పక్క చేను పెద్దాయనకి వినిపించండి. కట్టర్ 14 అడుగులు, అంటే దాదాపు 4.2 మీటర్లు. వెనక గడ్డి పడే వెడల్పు ఎంత? సుమారు 1.2 మీటర్లు అనుకుందాం. అంటే మూడున్నర రెట్ల వెడల్పులోంచి పోయిన గింజ ఒక సన్నటి పట్టీలో పడుతుంది. అందుకే చూడగానే గుండె గుభేల్‌మంటుంది.

గడ్డి పక్కకి తీసి, ఆ పట్టీలో ఒక చదరపు మీటరులో 700 గింజలు ఎంచారనుకోండి. మూడున్నరతో భాగిస్తే 200. బీపీటీ వెయ్యి గింజలు సుమారు 14.5 గ్రాములు తూగుతాయి, కాబట్టి 200 గింజలు 2.9 గ్రాములు. ఎకరం 4047 చదరపు మీటర్లు. అంటే ఎకరాకి 12 కిలోల లోపు. ఎకరాకి 75 కిలోల బస్తాలు 30 పండితే ఇది అర శాతం. మీ వ్యాపారి బస్తాకి కిలో చొప్పున తీసే తరుగు 30 కిలోలు. పెద్దాయన మాటకి రోషపడి గాలి తగ్గించి 12 కిలోలు ఆదా చేయబోయి, 30 కిలోలు తరుగు కింద ఇచ్చేస్తున్నారు.

అయితే ఈ లెక్కలో కోతకి ముందే రాలిన గింజని తీసేయాలి. ఇంకా కోయని చేలో అంతే చోటు ఎంచి చూడండి.

ఎస్పీరోడ్_సర్క్యూట్లు (జయనగర్) | ఆదివారం రాత్రి 9:30

గింజలు ఎంచే ఓపిక లేని వాళ్లకి నా పద్ధతి. పెద్ద కంపెనీల మిషన్లలో వెనక నష్టం చూపించే సెన్సర్ ఉంటుంది. జల్లెడ చివర ఒక పలక, దాని కింద పీజో బిళ్ల, అంటే దెబ్బ తగిలితే చిన్న కరెంటు సిగ్నల్ ఇచ్చే బిళ్ల. గింజ తగిలితే టక్కుమని గట్టి చప్పుడు, గడ్డి తగిలితే మెత్తటి చప్పుడు. గింజ దెబ్బ చప్పుడు ఫ్రీక్వెన్సీ ఎక్కువగా ఉంటుంది కాబట్టి ఫిల్టర్ పెట్టి గడ్డిని వదిలేసి గింజని మాత్రమే లెక్కపెట్టొచ్చు. బెంగళూరు ఎస్పీ రోడ్ ఎలక్ట్రానిక్స్ షాపుల్లో పీజో బిళ్లలు చిల్లర డబ్బుకే దొరుకుతాయి. చిన్న మైక్రోకంట్రోలర్ కలిపితే క్యాబిన్‌లో ఎల్‌ఈడీ బార్ వెలుగుతుంది.

కాకపోతే ఇది కిలోలు చెప్పదు. "ఇందాకటి కంటే ఎక్కువ పోతోంది, తక్కువ పోతోంది" అని మాత్రమే చెప్తుంది. బీటెక్ గారి లెక్కతో ఒకసారి సరిపోల్చి గీత పెట్టుకోవాలి. పలకని రబ్బరు మీద కూర్చోబెట్టండి, లేకపోతే ఇంజిన్ అదురునే వడ్లుగా లెక్కేస్తుంది. డ్రైవర్‌కి అది అక్కడ ఉంటే గట్టు మీద రైతుకి చూపించి "చూడన్నా, ఎర్రలైటు, మెల్లగా పోతా" అనొచ్చు.

గంగావతి_చైన్‌మిషన్ | ఆదివారం రాత్రి 9:50

ఈ లైటు నాకు కావాలి. రేటు చెప్పండి.

పీణ్యా_షీట్‌మెటల్ | సోమవారం ఉదయం 8:10

జల్లెడ అడిగారు కాబట్టి అదీ చెప్పేస్తా. మీ కింది జల్లెడ ఫోటో చూశాను, ఎవరో లోకల్‌గా కొట్టించారు. గుండ్రటి రంధ్రం 10 మిల్లీమీటర్లు, రంధ్రానికీ రంధ్రానికీ మధ్య కేంద్రం నుంచి కేంద్రానికి 15 ఉన్నట్టుంది. అంటే రేకులో తెరపి (రంధ్రాల వంతు) 40 శాతమే. అదే రంధ్రం 13 దూరంతో ఒకటి విడిచి ఒకటి వరుసలో వేస్తే 54 శాతం అవుతుంది. బలం తగ్గుతుంది కాబట్టి కింద ఒక అడ్డపట్టీ ఎక్కువ వేయాలి.

రెండోది, పంచ్ కొట్టిన రేకుకి ఒక వైపు గరుకు అంచు లేస్తుంది. మీ జల్లెడలో ఆ గరుకు వైపు పైకి పెట్టి బిగించారు. చేత్తో తడిమితే గీసుకుంటుంది. గడ్డి పోచలు దానికి తగులుకుని రంధ్రం మూసుకుంటుంది. ఇప్పటికి విప్పి తిరగేసి బిగించండి, పైసా ఖర్చు లేదు. కొత్తది సీజన్ అయ్యాక చూద్దాం.

ఏం విప్పినా ఇంజిన్ ఆపి, తాళంచెవి జేబులో పెట్టుకుని విప్పమనండి. ఇంజిన్ ఆగినా డ్రమ్ము కాసేపు తిరుగుతూనే ఉంటుంది. పూర్తిగా ఆగేదాకా మూత తీయొద్దు.

సింధనూరు_క్యాంపు | ఆ తర్వాతి శనివారం రాత్రి 10:30

ఇన్ని జవాబులిచ్చినందుకు అందరికీ థ్యాంక్స్. జరిగింది చెప్తా. బావ ముందు ఒప్పుకోలేదు, "బెంగళూరులో కూర్చుని చెప్తే ఎలా" అన్నాడు. 12 కిలోలు, 30 కిలోల లెక్క వాట్సాప్‌లో పంపాక దారికొచ్చాడు. డ్రమ్ము 680కి దించాం. అరిగిన పళ్లలో మరీ పోయినవి జతలుగా మార్చాం. కోత తొమ్మిదిన్నర తర్వాతే. జల్లెడ తిరగేశాం.

గడ్డి ఇప్పుడు పొడుగ్గా పడుతోంది, పశువులున్న వాళ్లు కట్టలు కట్టుకోవడానికి అడుగుతున్నారు కూడా. ట్యాంకులో ముక్కలు బాగా తగ్గాయి, బియ్యం గింజ వెతికితే గానీ కనబడటం లేదు. వ్యాపారి ఇంకా తరుగు తీస్తున్నాడు గానీ కిలో కాదు, అర కిలో. వాడి అలవాటు అంత త్వరగా పోదు.

ఒకటి మాత్రం అర్థం కాలేదు. వెనక పడే విడి గింజ ఎడమ పక్కే ఎక్కువ. కుడి పక్క దాదాపు లేదు. వీడియో పెట్టాను.

పీణ్యా_షీట్‌మెటల్ | శనివారం రాత్రి 10:55

బ్లోయర్‌కి రెండు పక్కలా గాలి లోపలికి పోయే వలలు ఉంటాయి. ఎడమ వల చూడమనండి. దుమ్ము, గడ్డి నూగు పేరుకుని సగం మూసుకుని ఉంటుంది. అటు గాలి అందక అక్కడ మాత్రం పరుపు లేవడం లేదు.

గంగావతి_చైన్‌మిషన్ | ఆదివారం ఉదయం 7:15

చేను వాలు కూడా చూడండి. కాలువ వైపు టైరు దిగబడి బండి ఎడమకి వాలితే వడ్లన్నీ జల్లెడ మీద ఆ పక్కకే జారతాయి. చైన్ మిషన్‌లోనూ ఒక చైన్ బురదలో దిగితే ఇంతే. ఎదురు దిశలో కోసేటప్పుడు కూడా ఎడమే పోతుంటే వల. దిశతో పాటు పక్క మారితే వాలు.

సింధనూరు_క్యాంపు | ఆదివారం సాయంత్రం 5:40

వలే. రెండు దిశల్లోనూ ఎడమే పోయింది. విప్పితే అరచేతి మందాన నూగు. చీపురుతో దులిపి, ఇక రోజూ డీజిల్ పోసేటప్పుడే దులపమని డ్రైవర్‌కి చెప్పాం.

వచ్చేవారం మా చిన్నాన్న చేను, ఆర్‌ఎన్‌ఆర్ 15048 రకం వరి. ఇవే సెట్టింగులు ఉంచొచ్చా?

బాపట్ల_బీటెక్ | ఆదివారం సాయంత్రం 6:30

డ్రమ్ము అలాగే ఉంచండి. గాలి కొంచెం తగ్గించి మొదలుపెట్టండి. ఆర్‌ఎన్‌ఆర్ బీపీటీ కంటే సన్నం, తేలిక. బీపీటీకి సరిపోయిన గాలికి అది ఎగిరిపోతుంది. నాలుగు బారలు కోసి ఆపి, వెనక చూసి, అప్పుడు పెంచుకోండి. జల్లెడ దాటని వెన్ను ముక్కల్ని మళ్లీ డ్రమ్ముకి మోసే రిటర్న్ ఎలివేటర్ మూత తీసి ఏమొస్తోందో కూడా చూడండి. శుభ్రమైన గింజే తిరిగొస్తుంటే కింది జల్లెడ చాలట్లేదని. ఆ గింజ మళ్లీ డ్రమ్ములో పడి రెండోసారి దెబ్బ తింటుంది.

నంద్యాల_నల్లరేగడి (వైట్‌ఫీల్డ్) | ఆదివారం రాత్రి 8:00

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. మాకు శనగ. మిషన్ కోతకని నంద్యాల పరిశోధన కేంద్రం ఇచ్చిన ఎన్‌బీఈజీ 47, ధీర అంటారు, అదే వేశాం. నిటారుగా పెరుగుతుంది, కాయ కాస్త ఎత్తులో ఉంటుంది. వరి మిషన్ తెస్తే సగం బద్దలైంది. డ్రైవర్ జల్లెడ తప్పంటాడు.

గంగావతి_చైన్‌మిషన్ | ఆదివారం రాత్రి 8:20

జల్లెడ శనగని బద్దలు కొట్టదు తమ్ముడూ. వరి కోసిన డ్రమ్ము స్పీడుతోనే మీ చేలోకి దిగి ఉంటాడు. అందులో సగం నుంచి మొదలుపెట్టమనండి, జాలీ గ్యాప్ బాగా తెరవమనండి. శనగ బరువు గింజ కాబట్టి గాలి ధైర్యంగా పెంచుకోవచ్చు. కట్టర్ మరీ కిందికి దించితే మట్టిగడ్డలు వస్తాయి, అవి శనగ సైజులోనే ఉంటే ఏ జల్లెడా ఆపలేదు. మిగతాది కొత్త థ్రెడ్‌లో అడగండి, ఇది ఇప్పటికే చాలా పొడుగైంది.

పీణ్యా_షీట్‌మెటల్ | ఆదివారం రాత్రి 8:45

సింధనూరు గారూ, సీజన్ అయ్యాక షాపుకి వచ్చేటప్పుడు కింది జల్లెడ ఫ్రేమ్ కొలతలు మూలలతో సహా రాసుకుని రండి. పాత పన్ను ఒకటి, మార్చిన కొత్త పన్ను ఒకటి కూడా తెండి. రెండూ తూకం వేసి చూడాలి.